ఫాదర్ గారు మారారు, రిజిస్టర్లు ఎక్కడున్నాయి?

(విజయవాడలో ఇరుగుపొరుగున ఉన్న మూడు కతోలిక విచారణల (అంటే పారిష్‌ల, ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే సంఘాల) పెద్దలు, మరియదళం అనే భక్త సంఘం సభ్యులు, యువత కలుసుకున్న ఆదివారం సాయంత్రం సభలో, ఒక విచారణ సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా పనిచేసిన విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం.)

వేదిక మీద ఉన్న ఫాదర్ గార్లకు, సిస్టర్లకు, ఉపదేశి గార్లకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వందనాలు. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకు రండయ్యా. ఇది పూజ కాదు, మధ్యలో బయటికి జారుకోవడానికి. (నవ్వులు) ఫ్యాను కింద చోటుంది, కూర్చోండి.

నాకిచ్చిన అంశం "గురువుల బదిలీలు, విశ్వాసుల బాధ్యత". పేరు గంభీరంగా ఉంది కానీ సంగతి మీ అందరికీ తెలిసిందే. పోయిన నెల మన మూడు విచారణల్లో ఒకేసారి మార్పులు జరిగాయి. బిషప్ గారి ఉత్తరం గుళ్లో చదవకముందే వాట్సాప్‌లో ఒక లిస్టు తిరిగింది. ఆ లిస్టులో మా ఫాదర్ గారిని నూజివీడు వేశారు. మా వీధిలో ఒకావిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తీరా ఉత్తరం వచ్చాక చూస్తే ఆయన వెళ్లింది కాలువ అవతలికి. ఆటోలో ఇరవై రూపాయలు. (నవ్వులు) ఇదిగో, ఇక్కడే కూర్చున్నారు, నవ్వుతున్నారు.

అసలేం జరిగిందో ముందు చెబుతాను. ఎందుకంటే నెల రోజుల నుంచి నేను విన్న కథల్లో అది తప్ప అన్నీ ఉన్నాయి. కాలువ అవతలి విచారణలో పెద్ద ఫాదర్ గారికి 75 ఏళ్లు నిండాయి. శ్రీసభ చట్టం, అంటే మన కతోలిక సంఘం నడిచే కానన్ లా ప్రకారం ఆ వయసు వచ్చిన విచారణ గురువు తన రాజీనామాను బిషప్ గారికి సమర్పించాలి. ఒప్పుకోవాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది బిషప్ గారు చూసుకుంటారు. ఆయన ఒప్పుకున్నారు. పెద్ద ఫాదర్ గారు లేచారు. ఆ కుర్చీలోకి మా ఫాదర్ గారు వెళ్లారు. మా దగ్గరికి రైలు కట్ట పక్క విచారణ ఫాదర్ గారు వచ్చారు. రైలు కట్ట వాళ్లకు ప్రస్తుతానికి వేరే గురువు దొరకలేదు. అందుకని వాళ్ల ఫాదర్ గారే మా దగ్గర ఉంటూ రెండు విచారణలూ చూస్తారు. పెళ్లి బంతిలో చివర ఒకాయన లేస్తే వరసంతా జరుగుతుంది చూడండి, అంతే. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు, ఎవరూ పితూరీ రాయలేదు. నాకు మాత్రం మూడు రకాల పితూరీ కథలు చేరాయి. ఒకదాంట్లో రాసింది నేనేనట!

రైలు కట్ట వాళ్ల బాధ వేరు. "మా ఫాదర్ను మీరు లాక్కున్నారు" అని నిన్న ఒకాయన నన్ను బజార్లో నిలబెట్టి అడిగారు. ఆయన ముందు వరసలోనే ఉన్నారు, పేరు చెప్పను. అయ్యా, ఒక గురువుకు ఒకటే విచారణ అన్నది మామూలు పద్ధతి. గురువుల కొరత ఉన్నప్పుడు, ఇంకేదైనా పరిస్థితి వచ్చినప్పుడు, పక్కపక్క విచారణలను ఒకే గురువుకు అప్పగించవచ్చని చట్టంలోనే ఉంది. 526వ నిబంధన. మీ విచారణను మూసెయ్యలేదు, మాలో కలిపెయ్యలేదు. విచారణను పెట్టాలన్నా, తీసెయ్యాలన్నా, మార్చాలన్నా అధికారం బిషప్ గారిదే. అది కూడా గురువుల సభ అభిప్రాయం విన్నాకే. మీ ముద్ర మీదే, మీ రిజిస్టర్లు మీవే, మీ లెక్కలు మీవే. ఈ మూడో మాట మావాళ్లు కూడా వినాలి. రెండు విచారణలకు ఒకే ఫాదర్ అయినంత మాత్రాన రెండు హుండీలు ఒకటి కావు.

ఇక ఆదివారం పూజల లెక్క. దీని మీద అలకలు ఇప్పటికే మొదలయ్యాయి కాబట్టి బోర్డు మీద వేసినట్టు చెబుతాను, బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది. మామూలుగా గురువు రోజుకు ఒక్క పూజే చెయ్యాలి. గురువుల కొరత ఉంటే బిషప్ గారి అనుమతితో రెండు చెయ్యవచ్చు. ఆదివారాల్లో, ముఖ్యమైన పండుగల్లో అవసరాన్ని బట్టి మూడు. అంతకు మించి లేదు. ఇప్పుడు మన కొత్త ఫాదర్ గారి చేతిలో రెండు విచారణ గుళ్లు, మూడు ఉపకేంద్రాలు. అంటే అయిదు పీఠాలు, మూడు పూజలు. మిగిలిన రెండింటిలో ఒకచోట శనివారం సాయంత్రం పూజ పెట్టుకోవచ్చు, అది ఆదివారం పూజ కిందే లెక్క. ఇంకోచోట ఆ వారం ఉపదేశి గారు దైవవాక్య ప్రార్థన నడిపిస్తారు. వచ్చే వారం వంతు మారుతుంది. ఇందులో ఫాదర్ గారి పక్షపాతం ఎక్కడుంది? "మా కేంద్రానికి ఎనిమిదింటికే పూజ కావాలి" అని పంతం పట్టే పెద్దమనుషులు ఒక్క ఆదివారం ఆయన బండి వెనక కూర్చుని అయిదు చోట్లకూ తిరిగి రండి. పెట్రోలు నేను పోయిస్తాను.

బదిలీలే వద్దనేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎప్పుడూ తెచ్చే పేరు పునీత జాన్ మరియ వియాన్నీ గారిది. 1818లో ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెకు వచ్చి, 1859లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. 41 ఏళ్లు ఒకే విచారణ. నిజమే. కానీ ఆ మహానుభావుడు కూడా మధ్యలో అక్కణ్ణుంచి వెళ్లిపోవాలని ఒకసారి కాదు, కొన్నిసార్లు ప్రయత్నించాడు. జనం పట్టి తెచ్చారు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

పాత చట్టంలో, అంటే 1917 నాటి దాంట్లో, విచారణ గురువులు రెండు రకాలు. కదిలించగలిగేవారు, తేలిగ్గా కదిలించలేనివారు. రెండో వాటికన్ మహాసభ 1965లో ఆ తేడా తీసేసింది. ఇప్పుడు మనం నడుస్తున్న చట్టం 1983ది. అందులో 522వ నిబంధన ఏమంటుందంటే, విచారణ గురువుకు స్థిరత్వం ఉండాలి, గడువు లేకుండానే నియమించాలి. అయితే దేశంలోని పీఠాధిపతుల, అంటే బిషప్పుల సమాఖ్య ఒప్పుకుంటే, ఇన్నేళ్లని గడువు పెట్టి నియమించే వీలుంది. అంటే బదిలీ ఒక్కటే నియమమని గానీ, ఉండిపోవడం ఒక్కటే నియమమని గానీ శ్రీసభ అనలేదు. రెండింటిలోనూ మంచీ ఉంది, చెడూ ఉంది. పదేళ్లు ఒకేచోట ఉన్న గురువుకు ఎవరింట్లో ఎవరు తాగుతారో తెలుస్తుంది, ఎవరి పిల్ల చదువు ఆగిపోయిందో తెలుస్తుంది. అదే పదేళ్లలో ఆయన చుట్టూ నలుగురు పెద్దమనుషులు గోడ కట్టేస్తారు, అయిదో మనిషికి ఆఫీసు గది గుమ్మం కూడా కనబడదు. నేనూ ఒకప్పుడు ఆ గోడలో ఇటుకనే. దాచుకోవడమెందుకు?

ఇంకొక్క నిబంధన చెప్పి చట్టం పుస్తకం మూసేస్తాను. విచారణ గురువును మరోచోటికి పంపాలంటే బిషప్ గారు ఆ మాటను రాతపూర్వకంగా ప్రతిపాదించి, ఒప్పుకోమని నచ్చజెప్పాలి. గురువుకు ఇష్టం లేకపోతే కారణాలు రాసి ఇవ్వవచ్చు. అప్పుడు బిషప్ గారు ఇద్దరు విచారణ గురువులతో కలిసి ఆ కారణాలను తూచి చూడాలి. 1748వ నిబంధన దగ్గర మొదలై ఇది 1752తో ముగుస్తుంది. 1752 అంటే మొత్తం చట్టానికే ఆఖరు నిబంధన. అక్కడ రాసిన చివరి మాట ఏంటో తెలుసా? శ్రీసభలో ఆత్మల రక్షణే అన్నిటికన్నా పెద్ద చట్టమని, దాన్ని కళ్లముందు ఉంచుకోమని. ఈ మాటను పెద్ద పెద్ద సభల్లో, పెద్ద పెద్ద విషయాలకు వాడతారు. చట్టంలో అది ఉన్నది మాత్రం ఒక ఫాదర్ గారి ట్రాన్స్‌ఫర్ గురించి రాసిన చోట! మొదటిసారి చూసినప్పుడు నేను పేజీ వెనక్కి తిప్పి, సరైన చోటే చదువుతున్నానా అని మళ్లీ చూసుకున్నాను.

సహాయక గురువులకు ఇంత తతంగం లేదు. న్యాయమైన కారణం ఉంటే బిషప్ గారు మార్చవచ్చు. మఠసభల గురువులనైతే వాళ్ల పెద్దలు ప్రతిపాదిస్తారు, బిషప్ గారు నియమిస్తారు. ఇంకోటి, బ్యారేజీ దాటితే గుంటూరు మేత్రాసనం, అంటే ఇంకో బిషప్ గారి పరిధి. తాడేపల్లి మనకు ఎంత దగ్గరైనా, మన బిషప్ గారు మన గురువును అక్కడికి బదిలీ చెయ్యలేరు. మఠసభల వాళ్లు కాకపోతే, ఒక్కో గురువు ఒక్కో మేత్రాసనానికి చెంది ఉంటారు. ఆ గీతలు కూడా మారుతూ వచ్చినవే అనుకోండి. బెజవాడ మేత్రాసనం అయ్యింది 1937లో. గుంటూరును నెల్లూరు నుంచి విడదీసింది 1940లో. ఏలూరు మన నుంచి వేరుపడింది 1976లో. పీఠాధిపతులే మారుతుంటారు. మల్లవరపు ప్రకాశ్ గారు కడప నుంచి 2002లో మన దగ్గరికి వచ్చారు, 2012లో విశాఖపట్నం అగ్రపీఠానికి వెళ్లారు. ఆయన వెళ్లినప్పుడు మనం ఏడ్చామా? కాస్త. ధర్నా చేశామా? లేదు. మరి విచారణ ఫాదర్ అనేసరికి బస్సు మాట్లాడుకుని బిషప్ గారి ఇంటికి బయల్దేరతాం.

బస్సు అంటే గుర్తొచ్చింది. ఈసారి కూడా మావాళ్లు సంతకాలు మొదలుపెట్టారు. రెండో పేజీలో ఒక సంతకం నా భార్యది. (నవ్వులు) "నువ్వెందుకు పెట్టావు?" అంటే "అందరూ పెట్టారు కదా" అంది. ఎవరి సంతకమైనా తప్పని నేననను. బిషప్ గారు నియామకం చేసేటప్పుడు అవసరమనుకుంటే విశ్వాసుల అభిప్రాయం కూడా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. మన విచారణ అవసరం ఏమిటో, ఎంతమంది యువకులు హైదరాబాదుకూ బెంగళూరుకూ పోతున్నారో, కొండ మీది ఇళ్లలో ఎంతమంది ముసలివాళ్లు ఉన్నారో మర్యాదగా ఉత్తరం రాస్తే దానికి విలువ ఉంటుంది. కానీ మనం రాసేదేంటి? "మా ఫాదర్ గారు చాలా మంచివారు, మార్చవద్దు." అంటే అవతలి విచారణకు మంచివారు అక్కర్లేదా?

ఇంకో మాట ఉంది. మైకులో ఎవరూ అనరు. లిస్టు రాగానే మనం నోటితో అడగని మొదటి ప్రశ్న ఏంటి? వచ్చే ఫాదర్ గారిది ఏ ఊరు అని అడుగుతాం. ఊరు పేరు చెబితే వీధి అడుగుతాం. వీధి చెబితే ఇంటిపేరు అడుగుతాం. ఎందుకు అడుగుతున్నామో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. 2022లో పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. ఆ వార్త రాగానే ఇదే హాల్లో మనమందరం మిఠాయి పంచుకున్నాం. మిఠాయి తిన్న నోటితోనే మరుసటి ఏడాది బదిలీల్లో ఇంటిపేరు అడిగాం. నా మాట కొందరికి కష్టంగా ఉంటుంది. ఉండనివ్వండి.

సరే, వీడ్కోలు సభల దగ్గరికి వద్దాం. పౌలు గారు ఎఫెసు సంఘ పెద్దలను మిలేతుకు పిలిపించుకుని మాట్లాడిన ఘట్టం అపోస్తలుల కార్యాల్లో 20వ అధ్యాయంలో ఉంది. మళ్లీ నా ముఖం చూడరని చెప్పాడు. వాళ్లు మెడ మీద పడి ఏడ్చారు, ఓడ దాకా వెళ్లి సాగనంపారు. అంతే, ఓడకు అడ్డంగా పడుకోలేదు. (నవ్వులు) అదే ప్రసంగంలో పౌలు గారు ఇంకో మాటన్నాడు, ఎవరి వెండికీ బంగారానికీ బట్టలకూ నేను ఆశపడలేదని. బట్టలు అన్నాడు, గమనించండి. మన వీడ్కోలు సభలో ఫాదర్ గారికి ఎన్ని శాలువాలు కప్పాం? నేను పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేశాను. మే నెల, బెజవాడ ఎండ, కరెంటు లేదు. పాపం ఆయన చెమటలు కారుతూ నవ్వుతూనే ఉన్నారు. ఫ్లెక్సీకి, బాణసంచాకు, భోజనాలకు రెండు రోజుల్లో డబ్బులు పోగయ్యాయి. ఉపదేశి గారికి ఇవ్వాల్సిన ఆ నెల జీతం మాత్రం తర్వాతి నెల పదో తారీఖున ఇచ్చాం. ఉపదేశి గారు బదిలీ కారు కదా, అందుకని ఆయనకు శాలువా లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ వెళ్లే మనిషి గురించీ వచ్చే మనిషి గురించీ మాట్లాడుకున్నాం. మధ్యలో చేతులు మారాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటి గురించి ఎవరూ సంతకాలు సేకరించరు.

నా రెండో కూతురు నేను వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నప్పుడు పుట్టింది. అక్కడే జ్ఞానస్నానం. పెళ్లి కుదిరాక జ్ఞానస్నాన పత్రం కావలసి వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. వెళ్లి అడిగితే ఆ ఏడు రిజిస్టరు లేదు. అప్పటి ఫాదర్ గారు "నేను బీరువాలో పెట్టి వెళ్లాను" అన్నారు. తర్వాత వచ్చిన ఫాదర్ గారు "నాకు బీరువా అప్పజెప్పారు కానీ తాళం చెవి అప్పజెప్పలేదు" అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు సామాన్ల గదిలో, స్కూలు పాత పరీక్ష పేపర్ల కింద దొరికింది. చెదలు పట్టి ఉంది. మా అమ్మాయి పేజీలో సగం మిగిలింది. పిల్ల పేరు ఉంది, తేదీ లేదు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు లేవు. అదృష్టం ఏంటంటే, జ్ఞానస్నానం జరిగిందని నిరూపించడానికి ఎవరికీ నష్టం లేని విషయంలో నమ్మదగిన సాక్షి ఒక్కరు చాలని చట్టంలో ఉంది. జ్ఞానతల్లి ఇంకా బతికే ఉంది. ఆమె వచ్చి, పిల్ల నెత్తిన నీళ్లు పోస్తుంటే తన చేతుల్లోనే ఉందని, చలికి ఏడ్చిందని, ఆ రోజు వంకాయ కూరలో ఉప్పెక్కువైందని కూడా చెప్పింది. (నవ్వులు) పత్రం వచ్చింది. ఆమె ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. ఆ రెండేళ్లు ముందే పోయి ఉంటే?

జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, మరణాలు. ఈ పుస్తకాలు ప్రతి విచారణలో ఉండాలి, సరిగ్గా రాసి భద్రపరచాలి. ఎవరు ఎక్కడ పెళ్లి చేసుకున్నా ఆ సంగతి వాళ్ల జ్ఞానస్నానం నమోదైన పుస్తకంలోకి చేరాలి. కాలువ అవతల పెళ్లయితే ఇవతల పుస్తకంలో రాయాలి. ఫాదర్లు ముగ్గురూ మారిన నెలలో జరిగిన పెళ్లిళ్ల సమాచారం ఎవరు ఎవరికి పంపారు? నేను అడిగాను. ఒకటి రెండు ఇంకా పంపాల్సినవి ఉన్నాయని తేలింది. అడిగితేనే తేలింది.

పెళ్లి అన్నాను కదా, ఇది మరీ జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా వచ్చే శ్రావణంలో ముహూర్తాలు... మనకు ముహూర్తాలు లేవంటారు కానీ కల్యాణ మండపాలకు ఉంటాయి, వాటిని బట్టి మనకూ ఉంటాయి. (నవ్వులు) చాలామంది "మా పాత ఫాదర్ గారే మా అబ్బాయి పెళ్లి దీవించాలి" అంటారు. మంచి కోరికే. కానీ పెళ్లి జరిపించే అధికారం ఆ విచారణ గురువుకు ఆ విచారణ హద్దుల్లో ఉంటుంది. బదిలీ అయి, కొత్త ఫాదర్ గారు బాధ్యత తీసుకున్నాక పాత ఫాదర్ గారికి ఇక్కడ ఆ అధికారం ఉండదు. కొత్త ఫాదర్ గారు గానీ బిషప్ గారు గానీ ఆయనకు ఆ అధికారం అప్పగించాలి. అది లేకుండా జరిగితే పెళ్లి చెల్లుబాటు దగ్గరే చిక్కు వస్తుంది. మర్యాద సంగతి కాదిది. మా బంధువుల్లో ఒక పెళ్లికి పాత ఫాదర్ గారు కారు దిగి గుళ్లోకి వచ్చేశారు. కొత్త ఫాదర్ గారికి ఎవరూ చెప్పలేదు. మేళం ఆపారు. పదిహేను నిమిషాలు ఆఫీసు గదిలో కూర్చుని ఇద్దరూ కాగితం రాసుకున్నారు. ఆ పదిహేను నిమిషాలూ పెళ్లికొడుకు తండ్రికి టెన్షన్‌తో బీపీ పెరిగింది. తప్పు ఇద్దరు ఫాదర్లదీ కాదు, ముందుగా వెళ్లి అడగని మాది. పెళ్లి పత్రిక అచ్చు వేయించకముందే వెళ్లండి. పత్రికలో పాత ఫాదర్ గారి పేరు వేయించి తర్వాత కొత్త ఫాదర్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన ఇస్తారు లెండి, కానీ ఆయన మనసులో ఏముంటుందో ఆలోచించండి.

పూజా తలంపులు, అంటే ఎవరి కోసం పూజ చెయ్యాలో రాయించుకునేవి కూడా అంతే. మీరు పోయిన ఫాదర్ గారి దగ్గర చనిపోయినవాళ్ల కోసం తలంపు రాయించి ఉంటారు. ఆ పుస్తకం చేతులు మారాలి. మీ దగ్గర చీటీ ఉంటే చూపించండి, మొహమాటం వద్దు. ఇక సామాన్ల జాబితా, బ్యాంకు ఖాతాలు, సగం కట్టి ఆగిన గంట గోపురం లెక్కలు. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండాలన్నది చట్టం, ఉంటే బాగుంటుందని కాదు. మనమిచ్చిన కానుకల లెక్క మనకు చెప్పాలనీ ఉంది. బాధ్యత తీసుకునేటప్పుడు సామాన్ల జాబితా తయారుచేసి సంతకం పెట్టాలి. జాబితా అడిగితే ఫాదర్ గారిని అనుమానించినట్టని కొందరనుకుంటారు. అది ఆయనకే రక్షణ. వెళ్లిపోయాక మూడేళ్లకు "ఆ వెండి పాత్ర ఏమైంది?" అని వీధుల్లో మాట్లాడుకునేది మనమే కదా. మా విచారణ జాబితాలో ఒక్కటే వివాదం వచ్చింది, గురు నివాసం కుక్క. ఒక ఫాదర్ గారు దానికి సీజర్ అని పేరు పెట్టారు, ఆ తర్వాతి ఆయన రాజు అన్నారు. అది రెండు పేర్లకూ పలికేది. కొత్త ఫాదర్ గారికి కుక్కలంటే భయమని ఇప్పుడే తెలిసింది. దాన్ని కాలువ అవతలికి పంపాలని తీర్మానించాం. (నవ్వులు)

గురువులకూ ఒక మనవి. పెద్దవాడిని కాబట్టి తప్పుగా తీసుకోకండి ఫాదర్. వచ్చిన మొదటి నెలలోనే పూజ టైము మార్చకండి, గాయక బృందాన్ని మార్చకండి, మరియమాత గుహకు రంగు మార్చకండి. ఆ రంగు మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చలేదు. కానీ దానికి ఎవరో ఒక కూలీ మనిషి మూడు రోజుల కూలి వదులుకుని వేశాడు. ఇటు మావాళ్లకు చెప్పేది, "పాత ఫాదర్ గారైతే ఇలా చేసేవారు కాదు" అనే మాటను కనీసం క్రిస్మస్ దాకా నోట్లోనే ఉంచుకోండి. తర్వాత చూద్దాం.

చివరగా ఒక్కటుంది. ఇది ఇదివరకు ఎక్కడా చెప్పలేదు.

చాలా ఏళ్ల కింద, నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు కూడా ఫాదర్ గారు మారారు. కొండ మీద, అరవై మెట్ల పైన ఒక పెద్దమ్మ ఉండేది. దిగలేదు. పాత ఫాదర్ గారు ప్రతి మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాదం తీసుకుని మెట్లెక్కి వెళ్లేవారు. ఆ సంగతి ఆయన మనసులోనే ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన వెళ్లిపోయారు. సిస్టర్లు వెళ్తారని మేమనుకున్నాం. ఫాదర్ గారు వెళ్తున్నారని సిస్టర్లు అనుకున్నారు. కొత్త ఫాదర్ గారికి ఆ మెట్లున్నాయనే తెలియదు. ఆ పెద్దమ్మ నాలుగు మొదటి శుక్రవారాలు తెల్లారే స్నానం చేసి, ముక్కాలిపీట మీద తెల్లగుడ్డ పరచి, కొవ్వొత్తి వెలిగించి కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఏమీ తినేది కాదు. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం చాలని ఎవరు చెప్పినా వినేది కాదు, పాతకాలం మనిషి. అయిదో నెలలో ఆమె మనవడు గుడి దగ్గర క్రికెట్ ఆడుతూ నాతో అన్నాడు, "తాతా, మా నాయనమ్మ మీద కొత్త ఫాదర్ గారికి కోపమా?" అని.

ఆ సాయంత్రమే కొత్త ఫాదర్ గారిని తీసుకుని మెట్లెక్కాను. ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమన్నారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆ ఇంటికి వెళ్లే మెట్ల కింద నుంచి నేను రోజూ నడిచి వెళ్లేవాణ్ణి. కార్యదర్శిగా మీటింగు పుస్తకంలో శాలువాల ఖర్చు పైసలతో సహా రాశాను. ఆమె పేరు రాయలేదు.

అందుకని ఈ రోజు మూడు నోటు పుస్తకాలు తెచ్చాను, విచారణకు ఒకటి. వీధివారీగా పేజీలు గీశాను. ఇంట్లోంచి కదలలేనివాళ్లు, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, జ్ఞానస్నానం కోసం సిద్ధపడుతున్నవాళ్లు, పెళ్లి ప్రకటనలు మధ్యలో ఉన్నవాళ్లు. ఇల్లు ఎక్కడో, ఎన్ని మెట్లో, ఏ వేళకు మెలకువగా ఉంటారో కూడా రాయండి. పాత ఫాదర్ గారూ కొత్త ఫాదర్ గారూ అదృష్టవశాత్తూ ఒకే బెంచీ మీద ఉన్నారు, ఎవరిళ్లకు ఎప్పుడు వెళ్లేవారో పాత ఫాదర్ గారినే అడిగి రాయించుకోండి. రైలు కట్ట వాళ్లు ముందు రాయండి, మీకు బస్సు టైమవుతుంది. మా కొండ పేజీ నేను మొదలుపెట్టాను. మొదటి పేరు ఆ పెద్దమ్మ కోడలిది. ఇప్పుడామెకు మోకాళ్లు. అరవై మెట్లు, ఎడమపక్క తాడు కట్టి ఉంది, పట్టుకుని ఎక్కాలి.

పెన్నులు సిస్టర్ గారి దగ్గర ఉన్నాయి.